బండి దిగొద్దు

"కరెంటు పెట్టినంక బండి దిగొద్దు. పానం మీద తీపి ఉంటే అస్సలు దిగొద్దు," అన్నాడు హరిప్రసాద్. అన్నవాడు అప్పటికే బిక్షం మోటారు సైకిల్ వెనక సీటెక్కి కూర్చున్నాడు. బొలెరోలో మిగిలింది డ్రైవర్ వీరేందర్ ఒక్కడే.

ఇల్లందులో హరిప్రసాద్‌కు లారీలున్నాయి, వాటిని నడిపేవాళ్ళున్నారు. సొంతానికి ఈ బొలెరో ఉంది, దీనికి వీరేందర్ ఉన్నాడు. ఎండలు ముదిరే ముందు సారుకు అడవిపంది మాంసం మీద మనసు పోతుంది. వేట అనగానే తుపాకులూ కుక్కలూ అనుకునేరు. అదేం లేదు. పినపాక దాటాక అడవి అంచున పోతున్న కరెంటు లైనుకు కొక్కెం తగిలించి, పందులు నడిచే దారికి అడ్డంగా మోకాలెత్తున ఇనపతీగ లాగి, ఇంటికి పోయి పడుకోవడమే. చంపే పని కరెంటు చూసుకుంటుంది. దానికి బిల్లు కూడా రాదు.

బిక్షం ఒకప్పుడు లైన్‌మెన్ల వెంట కూలికి తిరిగినవాడు. అక్కడ ఏం నేర్చుకోవాలో అది నేర్చుకోలేదు, నేర్చుకోకూడనిది చక్కగా నేర్చుకున్నాడు. పొద్దు గుంకుతుంటే అతను వెదురు పుల్లలు పాతుకుంటూ ముందు నడిచాడు. తీగ చుట్ట విప్పుతూ వెనక నడవడం వీరేందర్ వంతు. తీగ ఇంకా చచ్చిన తీగే. అయినా వీరేందర్ దాన్ని పాము తోక పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. ఏ పుల్ల దగ్గర ఎండాకు చప్పుడైనా ఆగిపోయాడు.

"గట్ల వణికితే ఎట్లరా? పెండ్లాన్ని ముట్టుకున్నట్టు పట్టుకో," అని బిక్షం నవ్వాడు.

అన్నీ అయ్యాక బిక్షం పొడుగాటి వెదురుగడతో కొక్కెం పైకెత్తి లైనుకు తగిలించాడు. చిటుక్కున నీలి మెరుపు మెరిసింది, అంతే. తీగ ఎప్పటిలాగే ఉంది. ఇందాకటికీ ఇప్పటికీ చూడ్డానికి ఏ తేడా లేదు. వీరేందర్‌ను భయపెట్టింది అదే.

"అగో, గా బల్బు కనబడ్తుందా?" చెట్ల అవతల కోయల గుంపు ఉంది, పదో పన్నెండో ఇళ్ళు. అక్కడ స్తంభం మీద బల్బు ఒకటి వెలుగుతోంది. "దాని మీదనే చూపు పెట్టు. తీగకు ఏదన్న తగిలితే లైను కొట్టేస్తది, గా బల్బు ఆరుతది. ఆరంగనే సారుకు ఫోన్ కొట్టు. సబ్‌స్టేషన్ల ఆపరేటర్ కొంచెం సేపు చూసి మళ్ళ ఎక్కిస్తడు. ఆ లోపల నేనొచ్చి కొక్కెం దించాలె. లేకపోతే మనమే పందులమైతం."

బిక్షం గడను స్తంభం మొదట్లో పడేసి, హరిప్రసాద్‌ను ఎక్కించుకుని, రోడ్డు మీది ఊళ్ళో ఉన్న తన అత్తగారింటికి వెళ్ళిపోయాడు. అక్కడ సారుకు నులకమంచం, దోమతెర, కోడికూర సిద్ధంగా ఉన్నాయి. ఫోన్ సిగ్నల్ మాత్రం ఇటువైపు ఈ దిబ్బ మీదనే అందుతుంది. కాబట్టి బొలెరో ఇక్కడ, దాంతోపాటు వీరేందరూ ఇక్కడ. పెట్టినవాళ్ళు దూరంగా, పెట్టనివాడు దగ్గరగా. లోకం తీరే అంత.

వీరేందర్ అద్దాలెక్కించుకున్నాడు. ఉక్క. వేలెడు దించాడు. దోమలు. మళ్ళీ ఎక్కించాడు. వెనక సీట్లో పడుకుంటే మోకాళ్ళు డోరుకు తగులుతున్నాయి, ముందు సీట్లో పడుకుంటే గేర్ రాడ్ డొక్కలో పొడుస్తోంది. చివరికి సీటు వెనక్కి వాల్చి, బల్బు కనబడేలా మెడ ఒక పక్కకు పెట్టి కూర్చున్నాడు. ఒంటేలుకు కూడా దిగే ధైర్యం లేదు. నీళ్ళసీసా ఒకటి తాగి ఖాళీ చేసి, దాన్నే మళ్ళీ నింపాడు. పెళ్ళాం శారద ఫోన్ చేసింది.

"యాడున్నవ్?"

"పినపాక దిక్కు. సార్ పని మీదొచ్చినం. బండిలనే పంటున్న."

"పాములుంటయ్, బండి దిగకు," అని పెట్టేసింది. ఆ రోజు అందరికీ అదే మాట దొరికింది.

కునుకు పట్టబోతుండగా నెత్తిమీద 'టప్' మంది. లేచి కూర్చున్నాడు. మళ్ళీ 'టప్'. బండి కప్పు మీద ఎవరో మెల్లగా వేలితో కొడుతున్నట్టుంది. ఎలుగుబంటా? మనిషా? మనిషైతే ఇంత రాత్రి ఇక్కడేం పని? వీరేందర్ డోర్ల బటన్లు నొక్కాడు, నాలుగూ నొక్కాడు, మళ్ళీ మొదటి దాన్ని తడిమి చూసుకున్నాడు. చెమట కళ్ళలోకి కారుతోంది. కొండగట్టు అంజన్నను తలుచుకున్నాడు. 'టప్.' తలుచుకుంటూనే బల్బు వైపు చూశాడు. బల్బు లేదు.

ఫోన్ చేశాడు. వాళ్ళు వచ్చేదాకా అతని నోట్లో ఒకటే మాట తిరిగింది. పందే కావాలె, పందే కావాలె. బిక్షం కొక్కెం దించి, పొదల్లోకి టార్చి కొట్టాడు. వెంట్రుకలు కాలిన వాసన బండి దాకా వచ్చింది.

"పందే!" అని కేక వినబడ్డాక గాని వీరేందర్ ఊపిరి వదల్లేదు. సంతోషం వేసింది. ఆ సంతోషానికి తనకే సిగ్గేసింది.

పంది చిన్నదని హరిప్రసాద్ మొహం ముడుచుకున్నాడు. ఆదివారం దావతుకు పెద్దసార్లను పిలిచి ఉన్నాడు. "ఇంకో రాత్రి ఉందాం," అన్నాడు. మాంసం ఐసు డబ్బాలోకి పోయింది, తీగ చుట్ట సీటు కిందికి పోయింది, సారు మళ్ళీ దోమతెరలోకి పోయాడు. వీరేందర్ అద్దం దించుకుని, చల్లగాలికి తెల్లారేదాకా చచ్చినట్టు నిద్రపోయాడు.

ఎవరో బానెట్ మీద చెయ్యి వేసినట్టయి కళ్ళు తెరిచాడు. యాభై దాటిన మనిషి, నడుముకు చీర బిగించి, చంకలో బుట్టతో నిలబడి ఉంది. బానెట్ మీద పడిన పూలను ఒక్కొక్కటీ ఏరి బుట్టలో వేసుకుంటోంది. తెల్లటి, గుండ్రటి, కండగల ఇప్పపూలు. పక్కన నల్లకుక్క టైరు వాసన చూస్తోంది.

"లేసినవా బిడ్డా? నీ బండి మీద నా పువ్వు రాలింది. ఏరుకుంటున్న," అంది.

రాత్రంతా నెత్తిమీద వేలితో కొట్టిన దయ్యం ఏమిటో వీరేందర్‌కు అప్పుడు తెలిసింది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. బండి దిగి తనూ కప్పు మీది పూలు తీసి ఆమె బుట్టలో వేశాడు.

ఆమె పేరు గంగక్క. ఆ గుంపులోనే ఇల్లు. ఈ దిబ్బ పక్కనున్న మూడు ఇప్పచెట్లూ వాళ్ళవే, అత్త నుంచి వచ్చాయట. ఎవరి చెట్టు కింద వాళ్ళే ఏరుకోవాలి. పక్క చెట్టు పువ్వు కాలి కింద పడ్డా ముట్టుకోరు.

"నువ్వేంది బిడ్డా గీడ పన్నవ్?"

"బండి ఖరాబైంది పెద్దమ్మా. మెకానిక్ రావాలె." అబద్ధం నోట్లోంచి నూనె రాసినట్టు జారింది.

"అయ్యో, ఒక్కనివేనా? రాత్రి ఎలుగొస్తది, పువ్వు తింటానికి. దానికి మనిషిని చూస్తే కోపం. ఏమన్న అయితే గా హారన్ కొట్టు. మేం వింటే పండుకోం, ఉరికొస్తం. అడివిల పిలిస్తే రాకుంటే ఎట్ల?" అని సత్తు గిన్నెలో తెచ్చుకున్న జావలో సగం అతని సీసాలో పోయబోయింది. ఆ సీసాలో ఏముండేదో గుర్తొచ్చి వీరేందర్ దోసిలి పట్టాడు. చల్లటి జొన్నజావ గొంతు దిగుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జేబులోని బిస్కెట్ పొట్లం విప్పి కుక్కకు వేశాడు.

"నల్లోడు. నేను యాడికి పోతే ఆడికి నా ముందల పోతడు," అంది గంగక్క మురిసిపోతూ. "పువ్వు ఇయ్యాల్నే జోరందుకుంది. రేపు చీకటితోనే వస్త. తెల్లారినంక వస్తే జింకలు మిగిలిస్తయా? రాత్రి మల్ల కరెంటు పాయె. ఫ్యాన్ ఆగితే దోమలు పీక్క తిన్నయ్, నిద్రే లేదు."

ఆమె బుట్ట నెత్తిన పెట్టుకుని గుంపు వైపు కాలిబాట పట్టింది. నల్లోడు ముందు, ఆమె వెనక. వీరేందర్ చూపు ఆ బాట వెంటే పోయింది. బాటకు ఇటొకటి అటొకటి, బిక్షం పాతి పీకిన వెదురు పుల్లల గుంటలు పచ్చిగా కనబడ్డాయి. గంగక్క కాలు సరిగ్గా వాటి మధ్యలోంచి దాటింది.

మధ్యాహ్నం పోయి హరిప్రసాద్‌కు చెప్పాడు. సారు మంచం మీద కూర్చుని మాంసం ముక్క కొరుకుతున్నాడు.

"సార్, తీగ వాళ్ళ బాటకు అడ్డం పడ్డది. పువ్వు ఏరెటోళ్ళు చీకటితోనే వస్తరట. జర అటు జరుపుదాం సార్."

"పందుల బాట గూడ గదే గద," అన్నాడు బిక్షం గోడకు ఆనుకుని.

"కోడి కూయంగనే దించుతంరా. అంతకు ముందల ఎవడొస్తడు అడివికి?" అన్నాడు హరిప్రసాద్. "అయినా నీకెందుకురా భయం? నువ్వు బండిల ఉంటవు గద!"

దున్నపోతు మీద వాన కురిసింది. వీరేందర్ ఇంకో మాట అనాలని నోరు తెరిచి, లారీ మీద పని దొరకని రోజులు గుర్తొచ్చి మూసుకున్నాడు. గుంపుకు పోయి గంగక్కతో 'రాకండి' అని చెప్పొచ్చు. ఎందుకు రావద్దంటే ఏం చెప్పాలి? అది చెబితే తన చేతులకు బేడీలే. వాగులో బొలెరో వెనక భాగం కడిగాడు. నెత్తురు పోయింది గాని కాలిన వాసన పోలేదు. సబ్బు పెట్టి మళ్ళీ కడిగాడు. సాయంత్రం తీగ చుట్ట మళ్ళీ అతనే విప్పాడు. బాట దగ్గరికొచ్చేసరికి వేళ్ళు సడలి చుట్ట కింద పడింది. బిక్షం తిట్టాడు. తిట్టించుకుని ఎత్తుకున్నాడు.

ఆ రాత్రి నిన్నటి మబ్బు విడిపోయి వెన్నెల పిండి ఆరబోసినట్టుంది. చీకటిలో భయమొక తీరు, వెన్నెల్లో భయం ఇంకో తీరు. ప్రతి పొదా కదిలినట్టే ఉంటుంది. పూలు కప్పు మీద రాలుతూనే ఉన్నాయి. ఆ చప్పుడుకు ఇప్పుడు అతను ఉలిక్కిపడలేదు. ఆ చప్పుడు పెరుగుతున్నకొద్దీ, పువ్వు జోరుగా రాలుతోందని, రాలేకొద్దీ ఆమె తొందరపడుతుందని మాత్రం అనుకున్నాడు. బల్బు వైపే చూశాడు. రెప్ప వేస్తే ఆరిపోతుందేమోనని రెప్ప వేయలేదు.

రెప్ప వేయకుండా చూస్తుండగానే ఆరింది.

ఎక్కడో 'కుయ్' మన్నట్టు కూడా వినిపించింది. ఫోన్ మోగింది, మోగింది, కడకు హరిప్రసాద్ ఎత్తాడు. నాలుక మందంగా ఉంది.

"సార్, బల్బు ఆరింది. బిక్షాన్ని జల్దీ పంపున్రి."

"వాడు తాగి పన్నడు, లేస్తలేడు. నువ్వే పోయి చూడు. పందేనా? పెద్దదేనా?"

"బండి దిగొద్దన్నరు గద సార్!"

"ఇప్పుడు కరెంటు లేదు గదరా, దిగితే ఏమైతది? గడ ఆడనే ఉంది. కొక్కెం దించి చూసి చెప్పు."

"ఆపరేటర్ మళ్ళ ఎక్కిస్తే?"

"అన్నిటికీ ఎదురు చెప్తవేందిరా? పో!"

"నేను దిగ సార్," అన్నాడు వీరేందర్. నౌకరీలో చేరిన తర్వాత ఆ మనిషికి కాదని చెప్పడం అదే మొదలు. ధైర్యం కాదది, శుద్ధ భయం. ఫోన్ అటునుంచి తెగింది.

డోర్ హ్యాండిల్‌కు దూరంగా చేతులు ముడుచుకుని కూర్చున్నాడు. అప్పుడు గుంపు వైపు చిన్న వెలుగు కదిలింది. టార్చిలైటు. ఇంత రాత్రప్పుడు ఎవరు? కోడి ఇంకా ఎక్కడ కూసింది? ఒక్క క్షణం అర్థం కాలేదు. మరుక్షణం అర్థమైంది. ఫ్యాన్ ఆగింది. దోమలు లేపాయి. లేచి చూస్తే బయట పట్టపగల్లాంటి వెన్నెల. ఇంకేం, తెల్లారవచ్చిందనుకుని బుట్ట చంకన పెట్టుకుంది. ఆమెను తీగ మీదికి లేపి పంపిస్తున్నది ఆ తీగే.

ఏం చేస్తున్నాడో తెలియకుండానే హారన్ నొక్కాడు. పెద్దగా, ఆపకుండా నొక్కాడు. రావద్దని చెప్పడానికి అతని దగ్గరున్న గొంతు అదొక్కటే.

వెలుగు ఆగింది. ఇటు తిరిగింది. తర్వాత ఊగుతూ, ముందుకంటే వేగంగా, నేరుగా బండి వైపే రాసాగింది. సన్నగా పిలుపు వినబడింది. "వస్తన్న బిడ్డా! వస్తన్నా! బండిలనే ఉండు, దిగకు!"

వీరేందర్ చెయ్యి హారన్ మీద నుంచి జారిపోయింది. ఏమన్నా అయితే కొట్టమంది. కొట్టాడు. ఎలుగొచ్చిందనుకుని ముసలిప్రాణం ఉరికొస్తోంది. అద్దం దించి "రావొద్దు! పెద్దమ్మా రావొద్దు!" అని అరిచాడు. ఆ అరుపు వినేసరికి ఆమె పరుగు ఇంకా హెచ్చింది.

బల్బు ఆరే ఉంది. అది ఆరి ఉన్నంతసేపే తీగ చచ్చి ఉంటుంది. ఆపరేటర్ చెయ్యి ఎప్పుడు మీటను ఎత్తుతుందో ఆ దేవుడికే తెలియాలి.

డోరు తీశాడు. కాలు కిందికి పెట్టబోయి ఆగాడు. నేల మీద ఎండాకులు వెన్నెల్లో మెరుస్తున్నాయి, ప్రతి ఆకు కిందా తీగ ఉన్నట్టే ఉంది. "అంజన్నా" అని పైకే అని దూకాడు. ఏమీ కాలేదు. పరుగెత్తాడు. చెప్పులు ఎక్కడ ఊడాయో తెలియదు. స్తంభం మొదట్లో గడ చేతికి దొరికింది. పైకెత్తితే అది గాలిలో తాగినవాడిలా ఊగింది. కొక్కెం పక్కనుంచి జారిపోయింది. మళ్ళీ ఎత్తాడు. ఈసారీ గడ చివర కొక్కేనికి తగల్లేదు. ఇప్పుడు కరెంటు వస్తే గడలోంచి తనలోకే వస్తుంది. ఆ సంగతి తెలుసు. తెలిసే మూడోసారి ఎత్తాడు. పొట్టకు గడ మొదలు ఆనించి, బిక్షం చేసినట్టే కింది నుంచి పైకి తోశాడు. కొక్కెం ఎగిరి, లైనును గీరుకుని, అతని భుజం పక్కగా నేల మీద పడింది.

పడ్డ తీగ నుంచి వెనక్కి వెనక్కి జరుగుతుండగా గుంపులో బల్బు వెలిగింది.

వీరేందర్ అక్కడే కూలబడ్డాడు. పంట్లాం తడిసింది. ఏడుస్తున్నానని కూడా తెలియలేదు.

"ఏడ బిడ్డా? ఎలుగు ఏడ?" గంగక్క రొప్పుతూ వచ్చింది. ఒక చేతిలో టార్చి, ఇంకో చేతిలో కట్టె. వచ్చి వచ్చి బాట మధ్యలో ఆగింది. టార్చి వెలుగులో ఆమె మోకాళ్ళ ముందు తీగ సన్నగా మెరిసింది. వెలుగు తీగ వెంట పక్కకు పాకింది. పొద దగ్గర నల్లోడు పడి ఉన్నాడు. ఎప్పటిలాగే ఆమె కంటే ముందు వచ్చాడు.

ఆమె తీగ వైపు చూసింది, గడ వైపు చూసింది, అతని వైపు చూసింది.

"ఎలుగు లేదు పెద్దమ్మా," అన్నాడు వీరేందర్. "తీగ మేమే పెట్టినం. నిన్న చెప్పింది అబద్ధం. ఇప్పుడు దాంట్ల కరెంటు లేదు, దించిన. అయినా ముట్టకు. దూరంగుండు."

కొడుతుందనుకున్నాడు. కొడితే బాగుండనిపించింది. ఆమె కట్టెతో తీగను పక్కకు నెట్టి, దాటి పోయి, కుక్క పక్కన కూర్చుని దాని చెవి నిమిరింది. అప్పుడు గొంతెత్తి గుంపు వైపు తమ భాషలో ఒక్క కూక వేసింది. ఆ కూకకు ఇళ్ళల్లో ఒక్కొక్క దీపమే లేచింది.

సరిగ్గా అప్పుడే మోటారు సైకిల్ వచ్చింది. బిక్షం మత్తు ఇంకా దిగలేదు, హరిప్రసాద్ కోపం కూడా దిగలేదు. "ఫోన్ల ఎదురు మాట్లాడుతవారా?" అంటూ సారు దిగాడు. దిగాక గంగక్కను చూశాడు. ఆమె వెనక చెట్ల మధ్య టార్చీలు బారులు తీరి కదలడం చూశాడు. బిక్షం కూడా చూశాడు. చూసి బండి తిప్పి, సారు ఎక్కేదాకా ఆగకుండా, వచ్చిన దారినే పోయాడు.

"ఒరే, ఆగురా! ఒరే!" హరిప్రసాద్ నాలుగడుగులు పరుగెత్తి ఆగాడు. అడుగు ఎక్కడ వేయాలో తెలియక కాళ్ళకింద చూసుకున్నాడు. తీగ ఎటుందో, బతికుందో చచ్చిందో ఆయనకేం తెలుసు? ఏనాడూ ఆ చుట్ట విప్పి ఎరగడు. గబగబా బొలెరో ఎక్కి, స్టీరింగ్ ముందు తడుముకున్నాడు.

"తాళం ఏదిరా? వీరూ, తాళం తీసుకరా. నువ్వు ఎక్కు, పోదాం. వాళ్ళొస్తే ఇద్దర్నీ చంపుతరు!"

తాళం వీరేందర్ జేబులో ఉంది. ఎక్కితే చాలు, ఒక్క తిప్పుకు బండి అందుకుంటుంది. తెల్లారేసరికి ఇల్లందు. గుంపు మనుషులు దగ్గరపడుతున్నారు, వాళ్ళ చేతుల్లో కర్రలున్నాయి. భయం లేదంటే అబద్ధమే అవుతుంది. కాని వచ్చేవాళ్ళంతా ఆ బాటనే వస్తారు. తీగ బాట మీదే ఉంది. అది ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో తెలిసినవాడు ఇక్కడ తనొక్కడే.

అతను లేచి, తడిసిన పంట్లాంతోనే పోయి తీగకు ఇవతల నిలబడి, రెండు చేతులూ అడ్డంగా చాపాడు. "ఆగున్రి! ఈడ తీగుంది! మెల్లగ రాన్రి!" అని అరిచాడు.

"ఎక్కరా!" వెనక నుంచి హరిప్రసాద్ గొంతు చీలింది.

వీరేందర్ తల తిప్పాడు. "కరెంటు పెట్టినంక బండి దిగొద్దు సార్," అన్నాడు. "మీరు లోపల్నే ఉండున్రి."

హరిప్రసాద్ అద్దాలెక్కించుకున్నాడు. డోర్ల బటన్లు ఒక్కొక్కటే నొక్కుకున్న చప్పుడు బయటికి వినబడింది. కప్పు మీద 'టప్' మంది. అద్దం వెనక సారు మొహం ఉలిక్కిపడి పైకి చూసింది. మళ్ళీ 'టప్'. ఎవరు కొడుతున్నారోనని ఆ మొహం ఇటు తిరిగింది, అటు తిరిగింది. అవి ఇప్పపూలని చెప్పేవాళ్ళు ఆయన దగ్గర ఎవరూ లేరు. తెల్లారడానికి ఇంకా చాలా సేపుంది.